నీరు పోయని వ్రతం

చలికాలంలో లేత పూలమొక్కకు నీరు పోయకుండా ఆగడం ఒక కర్మా, లేక కేవలం కర్మ లేకపోవడమా అన్న ప్రశ్న పైకి తోటపనికి మాత్రమే చెందినట్టు కనిపించినా, మొక్కకు చైతన్యం ఉందా, నిద్ర ఉందా, చేయకపోవడానికి ఫలం ఉంటుందా అని భారతీయ దార్శనికులు శతాబ్దాల తరబడి సాగించిన వాదాలన్నీ అందులో ఇమిడి ఉన్నాయి. ఈ ప్రశ్న మంచు కురిసే దేశాలలో ఇంత సూటిగా ఎదురుకాదు. అక్కడ మొక్కను ఇంట్లోకి తీసుకుపోవడం, వెచ్చదనం కల్పించడం అనే కంటికి కనబడే పని ఒకటి ఉంటుంది. చలి చంపేంతగా ఉండని వెచ్చని సీమలోనే, చేయవలసిన దానికన్నా మానవలసినది ఎక్కువగా ఉన్నచోటనే, సంరక్షణ అంటే ఏమిటన్నది తేల్చుకోవలసి వస్తుంది.

చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలో, వార్ధా నదికి చేరువగా, బల్లార్పూర్ సమీపాన ఉన్న సాస్తి అటువంటి చోటు. బొగ్గుగనుల ఊరిగా పేరుపడిన ఈ గ్రామమున్న రాజురా ప్రాంతం 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగేదాకా హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాదు జిల్లాలో భాగంగా ఉండేది కనుక, అక్కడ మరాఠీతో పాటు తెలుగు కూడా ఇళ్ళలో వినబడే భాషే. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటే ఈ సీమలో మార్గశిర, పుష్య మాసాల రాత్రులు 10 డిగ్రీల దరిదాపులకు దిగుతాయి. పగలు మాత్రం ఎండ వెచ్చగానే ఉంటుంది. వానలకు మొలిచిన దేవగన్నేరు మొక్కకు తొలి గండం ఈ రాత్రులలోనే.

మరాఠీవారు చాఫా అని పిలిచే దేవగన్నేరు గుడి ఆవరణలలో ఎంత సహజంగా కుదురుకున్నా, ఈ నేలలో పుట్టింది కాదు. మెక్సికో, కరీబియన్ దీవులు, మధ్య అమెరికా దాని స్వస్థలాలు. ఫ్రెంచి సన్యాసి, వృక్షశాస్త్రజ్ఞుడు అయిన షార్ల్ ప్లూమియే గౌరవార్థం దాని ప్రజాతికి ప్లూమేరియా అన్న పేరు స్థిరపడింది. పూజకు ఏ పువ్వులు తగునో చెప్పిన ప్రాచీన గ్రంథకర్తలకు ఈ పువ్వు తెలియదు, అయినా దేవుడి పాదాల దగ్గరికి చేరడానికి దానికి ఏ అడ్డూ రాలేదు. భక్తి ఎప్పుడూ శాస్త్రం కంటే ఒక అడుగు ముందే నడుస్తుంది.

విత్తనం నుంచి వచ్చిన దేవగన్నేరు తొలి ఏడాది జానెడు ఎత్తు ఉంటుంది. లావాటి మెత్తని కాండం, తుంచితే కారే తెల్లని పాలు, దళసరి ఆకులు దాని లక్షణాలు. పగటి వేళలు కురచబడి రాత్రులు చల్లబడగానే ఆకు తొడిమ అడుగున ఒక పలచని పొర ఏర్పడి, కింది ఆకులు ముందుగా పసుపుబారి రాలుతాయి. వేళ్ళు నీటిని పీల్చడం దాదాపు ఆపివేస్తాయి. ఆకులు రాలిన మొక్కను చూసిన మనిషికి అది ఎండిపోతున్నదన్న భయం కలిగి, చెంబు పట్టుకుని వెళ్ళాలని అనిపిస్తుంది. ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది. తాగలేని వేళ్ళ చుట్టూ చల్లని నీరు నిలిచినప్పుడు, అందులోనూ నీటిని పట్టి ఉంచే నల్లరేగడి మట్టి అయినప్పుడు, కాండం మొదలు మెత్తబడి నల్లగా కుళ్ళుతుంది. చలికాలంలో చనిపోయే దేవగన్నేరు మొక్కలలో చాలామటుకు చలికి కాక ప్రేమగా పోసిన నీటికి చనిపోతాయి.

కాళిదాసు నాటకంలో శకుంతల మొక్కలకు నీరు పెట్టనిదే తాను నీరు ముట్టదు, మొక్కపట్ల ప్రేమకు మన సాహిత్యంలో అంతకన్నా ప్రసిద్ధమైన గుర్తు లేదు. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేద అధ్యాయంలో, నాటిన చెట్లకు ఎండాకాలం ఉదయమూ సాయంత్రమూ, చలికాలం రోజు విడిచి రోజు, వానాకాలం నేల ఎండినప్పుడు మాత్రమే నీరు పెట్టమని విధించాడు. ఋతువును బట్టి సంరక్షణ మారాలన్న ఆయన సూత్రం ఇప్పటికీ నిలిచేదే, కానీ కాండంలోనే నీరు దాచుకునే ఈ పరదేశపు మొక్కకు శీతకాలంలో రోజు విడిచి రోజు నీరు కూడా మితిమీరినదే. సూత్రాన్ని నిలుపుకోవాలంటే లెక్కను వదులుకోవలసి వస్తుంది.

ఆకు రాల్చి ఊరక నిలబడ్డ ఈ స్థితిని నిద్ర అనవచ్చునా? మహాభారతం శాంతిపర్వంలో భృగువు భరద్వాజుడితో జరిపిన సంవాదంలో చెట్లకు స్పర్శ, వినికిడి, చూపు, వాసన, రుచి అన్నీ ఉన్నాయని ఒక్కొక్కదానికీ కారణం చూపుతాడు. జైనులు మొక్కలను ఏకేంద్రియ జీవులు, అంటే స్పర్శ అనే ఒక్క ఇంద్రియమే కలిగిన ప్రాణులు అని వర్గీకరించారు. ఈ వాదాన్ని గట్టిగా నిలదీసినవారు బౌద్ధ తార్కికులు. ఏడవ శతాబ్దపు ధర్మకీర్తి న్యాయబిందులో, బెరడంతా ఒలిస్తే చెట్టు మరణిస్తుంది కనుక చెట్టుకు చైతన్యం ఉందన్న దిగంబర జైనుల హేతువును తిరస్కరిస్తూ, విజ్ఞానమూ ఇంద్రియాలూ ఆయువూ ఆగిపోవడాన్నే మరణమంటారు, అది చెట్టులో ఉందని ముందుగా రుజువు కాలేదు అంటాడు. ఆ గ్రంథానికి టీక రాసిన ధర్మోత్తరుడు నిద్ర విషయాన్ని ఇంకా దగ్గరగా పరిశీలించాడు. చెట్లు నిద్రిస్తాయి కనుక అవి చేతనాలు అన్న వాదంలో, నిద్ర అంటే రాత్రి ఆకులు ముడుచుకోవడమే అయితే, ఆ ముడుచుకోవడం కొన్ని చెట్లలోనే కనిపిస్తుంది, అన్నింటిలో కనిపించదు. చర్చించే వస్తువులలో కొంత భాగానికే వర్తించే హేతువు మొత్తాన్ని నిరూపించలేదు; దీనిని తర్కశాస్త్రం పక్షైకదేశంలో అసిద్ధి అంటుంది, అంటే హేతువు సగంలోనే ఆగిపోయే దోషం.

ధర్మోత్తరుడి మాట ఇప్పటి పెరటిలోనూ నిజమే. చింతచెట్టు సాయంత్రం ఆకులు ముడుస్తుంది, దేవగన్నేరు ముడవదు, అది నెలల తరబడి ఆకులనే విడిచిపెడుతుంది. రెండూ ఒకే నిద్ర అనడానికి తగిన ఆధారం లేదు. అయితే ఆయన వాదం కూల్చింది ఒక రుజువును మాత్రమే. మొక్క పట్ల మనిషికి ఏ బాధ్యతా లేదని దానినుంచి తేలదు. మొక్కకు చైతన్యం ఉందని తేలేదాకా దాని మేలు చూడనక్కరలేదన్న వాదన బలహీనమైనది, ఎందుకంటే దానికి మేలూ కీడూ ఉన్నాయన్నది చైతన్యవివాదంతో పని లేకుండానే కనిపిస్తుంది. నీరు నిలిస్తే కుళ్ళుతుంది, ఎండ తగిలితే నిలుస్తుంది. తెలిసినవాడికి బాధ్యత కలగడానికి ఇంత చాలు.

ఇక చేయకపోవడం సంగతి. నిత్యకర్మను మానితే పాపం పుడుతుందన్న అభిప్రాయాన్ని శంకరాచార్యులు ఖండిస్తూ, మానడం అభావం, అంటే ఒకటి లేకపోవడం మాత్రమే, లేనిదాని నుంచి ఉన్నది ఎలా పుడుతుందని అడిగారు. ఆ తర్కమే ఇక్కడ వర్తిస్తే నీరు పోయకపోవడం నుంచి మొక్క బ్రతుకు అనే ఫలం పుట్టదు. కానీ ఆయనే గీతలోని కర్మాకర్మల శ్లోకానికి భాష్యం చెబుతూ, నేనేమీ చేయక సుఖంగా ఊరుకున్నాను అన్న అభిమానంతో కూర్చోవడం కూడా కర్మే అని స్పష్టం చేశారు. అంటే చేతులు కదలకపోవడం ఒక్కటే అకర్మకు గుర్తు కాదు.

దీనికి ఇంకా సూక్ష్మమైన పరిష్కారం మీమాంసకులది. ఉదయించే, అస్తమించే సూర్యుణ్ణి చూడకూడదన్న నియమాన్ని వారు ప్రజాపతి వ్రతాల చర్చలో విచారించారు. ఆ నియమాలకు ముందు వ్రతం అన్న మాట ఉంది, వ్రతమంటే అనుష్ఠించవలసినది కనుక, అక్కడ చెప్పినది చూపును నిషేధించడం కాదు, చూడనన్న సంకల్పాన్ని విధించడం అని వారు తేల్చారు. ఇలా నిషేధంలా కనిపించే వాక్యం నుంచి భావరూపమైన విధిని గ్రహించే పద్ధతిని పర్యుదాసం అంటారు. కళ్ళు మూసి నిద్రపోయినవాడూ సూర్యుణ్ణి చూడడు, కాని వాడు వ్రతం చేసినట్టు కాదు.

మొక్కను మరచిపోయి నీరు పోయనివాడికీ, చెంబు చేతిలో ఉండి ఆగినవాడికీ ఉన్న తేడా ఇదే. రెండవవాడి సంకల్పం వెనుక చేసే పనులెన్నో ఉంటాయి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కనుక దక్షిణం వైపు గోడ వారకు కుండీని చేర్చడం, గనుల ఊరిలో ఆకులపై పేరుకునే నల్లని ధూళిని తడిగుడ్డతో తుడవడం, ఎరువు ఆపడం, మట్టిలో రెండు కణుపుల లోతు వేలు దించి తడి చూడడం, కాండాన్ని మెల్లగా నొక్కి గట్టిగా ఉన్నదో లేదో తెలుసుకోవడం అన్నీ ఆ ఆగడంలో భాగాలే.

ఈ వ్రతం కఠోర ఉపవాసంగా మారినా తప్పే. ఏళ్ళు నిండిన దేవగన్నేరు చలికాలమంతా నీరు లేకుండా గడపగలదు గాని, తొలి ఏటి మొక్క కాండంలో దాచుకున్నది తక్కువ. అందుకే కాండం పై తొక్క ముడతలు పడితే, మట్టి పూర్తిగా ఎండి ఉంటే, ఎండ వేళ కొద్దిపాటి నీరు ఇవ్వాలి. వెచ్చదనం తగిలి ఆకులు నిలుపుకున్న మొక్క అయితే ఆకులు రాల్చమని బలవంతపెట్టకుండా దాని వాడకానికి తగినట్టు తడపాలి. మితిమీరి తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ యోగం కుదరదని గీత ఆరవ అధ్యాయం బోధించినది సాధకుడి విషయంలో. పెంచేవాడి చేతికీ అది వర్తిస్తుంది.

వ్రతానికి అవధి కూడా ఉంటుంది. ఫాల్గుణంలో కొమ్మ చివర మొగ్గలా ఉబ్బి లేత ఆకు మొన బయటపడినప్పుడు వేళ్ళు తిరిగి పనిలోకి వచ్చాయని గ్రహించి, మొదట వారానికి ఒకసారి, ఆకులు విచ్చుకున్న కొద్దీ మరింత తరచుగా నీరు పెంచాలి. వేసవి ఎండలు ముదిరే సరికి వరాహమిహిరుడు చెప్పిన ఉదయ సాయంత్రాల తడి సాస్తిలో కుండీ మొక్కకు మళ్ళీ అవసరమవుతుంది.