ప్రార్థన, విజ్ఞాపన, మొర: అమెరికా తుపాకి హింస సందర్భంలో క్రైస్తవ సామూహిక ప్రార్థన – ఒక నైతిక పరిశీలన

ప్రార్థన ఒక కర్మయా, లేక కర్మను తప్పించుకొనే మార్గమా అన్న ప్రశ్న కొత్తది కాదు. అయితే గత రెండు దశాబ్దాలలో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో అది వేదాంత గ్రంథాల నుంచి దినపత్రికల మొదటి పుటకు వచ్చింది. 2015 డిసెంబరు 2న కాలిఫోర్నియాలోని సాన్ బెర్నార్డినోలో 14 మంది తుపాకి కాల్పులకు బలయ్యారు. మరునాడు న్యూయార్క్ డైలీ న్యూస్ పత్రిక, దేవుడు దీన్ని చక్కదిద్దడం లేదన్న అర్థం వచ్చే పతాకశీర్షిక పెట్టి, మృతుల కోసం ప్రార్థిస్తున్నామని ప్రకటించిన రాజకీయ నాయకుల మాటలను దాని చుట్టూ పేర్చింది. నిజానికి ఆ పుట ఆక్షేపించింది దేవుణ్ణి కాదు. శాసనాధికారం చేతిలో ఉండి కూడా ప్రార్థనతో సరిపెట్టిన వారిని. అయినా తరువాత సాగిన చర్చలో ఈ భేదం చెరిగిపోయింది. ఒక పక్షం ప్రార్థన యావత్తూ నిష్ఫలమన్నది. మరొక పక్షం ఆ విమర్శ యావత్తూ విశ్వాసంపై దాడి అన్నది. ప్రార్థన అన్న ఒక్క పేరు కింద పరస్పర భిన్నమైన వాక్కర్మలు అనేకం ఉన్నాయని ఇరుపక్షాలూ గమనించలేదు.

ఈ భేదాన్ని గుర్తించడానికి తెలుగు బైబిలు పదజాలం బాగా ఉపకరిస్తుంది. అందులో ప్రార్థన ఉంది, విజ్ఞాపన ఉంది, మొర ఉంది, విలాపం ఉంది, పాపపు ఒప్పుకోలు ఉంది. తనకు కావలసినది అడగడం ప్రార్థన. మరొకరి పక్షాన నిలిచి అడగడం విజ్ఞాపన. మొర వీటికి భిన్నమైనది. మొర పెట్టేవాడు వరం కోరడు. తనకు అన్యాయం జరిగిందని చెప్పుకొంటాడు, వినవలసిన వాడు ఇంతవరకూ వినలేదని నిష్ఠూరమాడుతాడు. యెరూషలేము పతనాన్ని గురించిన గ్రంథానికి తెలుగులో ‘విలాపవాక్యములు’ అనే పేరు స్థిరపడింది. నూటయాభై కీర్తనలలో దాదాపు మూడో వంతు విలాపాత్మకాలు. వాటిలో 88వ కీర్తన ఏ ఓదార్పూ లేకుండా చీకటితోనే ముగుస్తుంది. రామదాసు చెరసాల కీర్తనలలోని నిష్ఠూరాన్నీ, జాషువ ‘గబ్బిలం’లో కాశీనాథునికి పంపిన సందేశాన్నీ ఎరిగిన తెలుగు పాఠకునికి ఈ ధోరణి అపరిచితం కాదు. దైవాన్ని నిలదీయడం భక్తికి లోపం కాదన్న సంగతి అతనికి ప్రత్యేకించి చెప్పనవసరం లేదు. అమెరికాలో బహిరంగ సంతాప ప్రకటనల భాషలోంచి జారిపోయినది సరిగ్గా ఈ మొరయే. మిగిలినది ఒక మర్యాదవాక్యం.

ప్రార్థనపై వచ్చిన అతి తీవ్రమైన ఆక్షేపణ నాస్తికులది కాదన్నది ఇక్కడ గమనార్హం. నెత్తురంటిన చేతులు చాచి చేసే ప్రార్థనను దేవుడు వినడని యెషయా మొదటి అధ్యాయం చెబుతుంది. న్యాయం ప్రవహించని చోట పండుగలూ పాటలూ దేవునికి రోత అని ఆమోసు ప్రవచించాడు. బట్టలూ తిండీ లేనివానికి మంచిమాట చెప్పి పంపివేయడం వల్ల ప్రయోజనమేమిటని యాకోబు పత్రిక అడుగుతుంది. దేవుని అనుగ్రహాన్ని రాబట్టే సాధనంగా ప్రార్థనను భావించడం మూఢవిశ్వాసమని కాంట్ తరువాత ఎప్పుడో అన్నాడు. ప్రవక్తల మాట అంతకంటె పదునైనది. కాంట్ ప్రార్థించేవాని అవగాహనను తప్పుపట్టాడు. ప్రవక్తలు అతని చేతులను చూపించారు.

అయితే ఈ ఆక్షేపణ అందరికీ ఒకే విధంగా వర్తించదు. దక్షిణ కెరొలైనా రాష్ట్రం చార్ల్‌స్టన్ నగరంలోని ఇమాన్యుయేల్ ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ సంఘం ఇందుకు ప్రబలమైన నిదర్శనం. పంతొమ్మిదో శతాబ్ది తొలి పాదంలో ఏర్పడిన నల్లజాతి సంఘమిది. 1822లో డెన్మార్క్ వీసీ నాయకత్వాన బానిసల తిరుగుబాటుకు పథకం వేశారన్న అభియోగం తరువాత దాని ఆలయాన్ని ధ్వంసం చేశారు. 1834లో నల్లవారి ప్రత్యేక ఆలయాలను నగరం నిషేధించగా, అంతర్యుద్ధం ముగిసేదాకా ఈ సంఘం రహస్యంగా కూడుకొన్నది. కూడి ప్రార్థించడమే శిక్షార్హమైన చోట ప్రార్థనను నిష్క్రియ అనడం అర్థరహితం. శాసనసభ్యుని ప్రకటనలోని ప్రార్థనకూ, చట్టం కన్నుగప్పి గుసగుసగా సాగిన ప్రార్థనకూ పదం ఒక్కటే కావచ్చు. వాటి నైతిక స్వరూపం ఒక్కటి కాదు.

2015 జూన్ 17, బుధవారం సాయంత్రం ఆ ఆలయంలో మార్కు సువార్త నాలుగో అధ్యాయంలోని విత్తువాని ఉపమానం చదువుతున్నారు. లోపలికి వచ్చిన అపరిచిత శ్వేతజాతి యువకుణ్ణి ఆహ్వానించి కూర్చోబెట్టారు. సుమారు గంటసేపు అతను వారితో కూర్చున్నాడు. ముగింపు ప్రార్థనకు అందరూ కళ్లు మూసుకొన్నాక కాల్పులు మొదలుపెట్టాడు. తొమ్మండుగురు మరణించారు. వారిలో సంఘకాపరి క్లెమెంటా పింక్నీ ఒకరు. ఆయన రాష్ట్ర సెనేటు సభ్యుడు కూడా. అదే ఏడాది వసంతంలో, నిరాయుధుడైన ఒక నల్లజాతీయుణ్ణి పోలీసు కాల్చిచంపిన తరువాత, పోలీసుల దేహానికి కెమెరాలు అమర్చాలన్న బిల్లుకు మద్దతుగా ఆయన సెనేటులో ప్రసంగించాడు. ప్రార్థన కావాలా, శాసనం కావాలా అని వాదించేవారు ఈ మనిషిని ఏ పక్షాన నిలుపుతారు? బుధవారం వాక్యపఠనం, సభలో బిల్లు ఆయన దృష్టిలో రెండు వృత్తులు కావు.

రెండు రోజుల తరువాత జామీను విచారణలో మృతుల బంధువులు కొందరు ఆ యువకునితో, నిన్ను క్షమిస్తున్నామని చెప్పారు. దేశం నివ్వెరపోయింది, ప్రశంసించింది. ఈ ప్రశంసను జాగ్రత్తగా పరిశీలించవలసి ఉంది. ఆ క్షమ ఒక వ్యక్తి మరొక వ్యక్తికి ఇచ్చినది. దానికి వెనుక ఒక సంఘం తరతరాల సాధన ఉంది. కాని దాన్ని దేశం తన ఖాతాలో జమ వేసుకొన్నది. జూన్ 26న అధ్యక్షుడు ఒబామా అంత్యక్రియల ప్రసంగంలో దైవకృపను గురించి మాట్లాడి, చివర భక్తిగీతం ఆలపించాడు. జూలై 10న రాష్ట్ర శాసనసభా ప్రాంగణం నుంచి కాన్ఫెడరేట్ పతాకాన్ని దించారు. అది అల్పవిషయం కాదు. అయితే హంతకునికి తుపాకి దక్కిన మార్గం అలాగే ఉండిపోయింది. నేపథ్య తనిఖీ మూడు పనిదినాలలో పూర్తికాకపోతే అమ్మకందారు తుపాకి ఇచ్చివేయవచ్చునన్న సమాఖ్య నిబంధన వల్లనే అతనికి ఆయుధం చేరింది. ఆ గడువును పెంచే బిల్లు 2019లో ప్రతినిధుల సభ దాటింది, సెనేటు దాటలేదు. బాధితులు క్షమించినంత మాత్రాన నిబంధనకు క్షమ లభించినట్లు కాదు. నిబంధన పశ్చాత్తాపపడదు, దాన్ని మార్చవలసిందే.

ఎవరి కోసం ప్రార్థించాలన్నది మరింత జటిలమైన ప్రశ్న. 2012 డిసెంబరు 14న కనెటికట్ రాష్ట్రం న్యూటౌన్‌లోని పాఠశాలలో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు హతులయ్యారు. హంతకుడు అంతకుముందు తన తల్లిని చంపి, చివరకు తన్ను తాను కాల్చుకొన్నాడు. వారం తరువాత దేశమంతటా గంటలు మోగాయి. చాలాచోట్ల 26 సార్లు. వాషింగ్టన్ జాతీయ కథీడ్రల్‌లో 28 సార్లు. ఆ రెండు మోతల తేడాలో ఒక వేదాంత సమస్య మొత్తం ఇమిడి ఉంది. శత్రువు కోసం ప్రార్థించమన్న ఆదేశాన్ని అక్షరాలా తీసుకొంటే 28 సరైన లెక్క. పిల్లలను పోగొట్టుకొన్న తల్లిదండ్రుల పక్షాన చూస్తే 26 దాటిన ప్రతి మోతా గాయమే కావచ్చు. 2006 అక్టోబరులో పెన్సిల్వేనియాలోని నికెల్ మైన్స్‌లో అయిదుగురు బాలికలను పోగొట్టుకొన్న ఆమిష్ సమాజం వారు హంతకుని అంత్యక్రియలకు స్వయంగా వెళ్లారు, అతని భార్యను ఓదార్చారు. ఆ సమస్యను వారు తమ కాళ్లతో నడిచి పరిష్కరించుకొన్నారు. దూరాన ఉన్నవారు వారి తరఫున గంట మోగించడానికి అధికారం ఎక్కడిది? ఈ ప్రశ్నకు సులువైన సమాధానం లేదు. హంతకుని కోసం ప్రార్థించే హక్కు ముందుగా బాధితులదేనని మాత్రం చెప్పవచ్చు.

గంటకు అందని మరణాలూ ఉన్నాయి. 2021లో అమెరికాలో తుపాకి వల్ల 48,830 మంది మరణించారు. వారిలో సగానికి పైగా ఆత్మహత్యలు. సామూహిక ప్రార్థన సామూహిక హత్యకు స్పందించినంత వేగంగా పడకగదిలో ఒంటరిగా జరిగిన మరణానికి స్పందించదు. ఆత్మహత్య పట్ల క్రైస్తవ సంప్రదాయం దీర్ఘకాలం చూపిన కాఠిన్యం ఇందుకు కొంత కారణం.

ఈ లోపాన్ని కొన్ని సంఘాలు ప్రార్థన రూపాన్నే మార్చి సవరించజూశాయి. ఫిలడెల్ఫియాలో 2009లో శాంతివాద క్రైస్తవ సంఘాల చొరవతో మొదలైన ఉద్యమం ప్రార్థనను తుపాకి దుకాణం ముందుకు తీసుకుపోయింది. అదే ఉద్యమం హతుల పేర్లు రాసిన చొక్కాలను ఆలయాల పచ్చికలో వరుసగా నిలబెట్టింది. పేరు పలకడం విజ్ఞాపనలో ప్రాణప్రదమైన అంశం. దారిన పోయేవారు సైతం ఆ పేర్లు చదవక తప్పలేదు. కొలరాడోలో ఒక మెనొనైట్ బృందం తుపాకులను కొలిమిలో కాల్చి తోటపని పనిముట్లుగా సాగగొడుతున్నది. ఖడ్గాలు నాగటి నక్కులయ్యే యెషయా దర్శనాన్ని వారు రూపకంగా వదిలిపెట్టలేదు.

ఈ చర్చ తెలుగువారికి దూరమైనది కాదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఓలేతలో ఒక తెలుగు ఇంజనీరును జాతిద్వేషంతో కాల్చిచంపారు. ఆపబోయిన స్థానిక అమెరికన్ యువకుడు గాయపడ్డాడు. అనంతరం జరిగిన సంతాపసభలో వేర్వేరు మతాల వారు పక్కపక్కన నిలిచి ప్రార్థించారు. అటువంటి చోట క్రైస్తవ ప్రార్థన హైందవ కుటుంబపు దుఃఖాన్ని తన భాషలోకి మార్చుకోకుండా దాని పక్కన నిలవగలదా అన్నది విడిగా పరిశోధించదగిన అంశం.

2016 జూన్ 12న ఆర్లాండోలో 49 మంది హతులైన మరునాడు ప్రతినిధుల సభ మౌనం పాటించింది. కొందరు సభ్యులు ఆ మౌనంలో పాల్గొనడానికి నిరాకరించారు. మౌనం ముగియగానే బిల్లు ఎక్కడ అని కేకలు లేచాయి. జూన్ 22న జాన్ లూయిస్ నాయకత్వంలో సభ్యులు సభా మందిరం నేలపై బైఠాయించారు. లూయిస్ అభిషేకం పొందిన బాప్టిస్టు బోధకుడు. బైఠాయించడం ఆయన నేర్చుకొన్నది 1960కి ముందు నాష్‌విల్‌లో, ఒక మెథడిస్టు ఆలయపు నేలమాళిగలో జరిగిన శిక్షణ తరగతులలో. మౌనం దేవుణ్ణి ఉద్దేశించినదో, సభను ఉద్దేశించినదో స్పష్టం కాలేదు. నేలపై కూర్చోవడం ఎవరిని ఉద్దేశించినదో ఎవరికీ సందేహం కలగలేదు. అది సుమారు 25 గంటలు సాగింది. ఓటింగు జరగలేదు.