పరీక్ష యెవరికి?

ప్రాథమిక పాఠశాలలో పరీక్షలుండవలయునా, వలదా యను వాదము మన దేశమున నెడతెగక జరుగుచున్నది. పరీక్ష లేనిచో బిడ్డలు చదువరని కొందఱును, ఉన్నచో బెదరి బడి మానుదురని కొందఱును వాదింతురు. ఇంతకంటె ముందడుగవలసిన ప్రశ్న యొకటి కలదని మా యభిప్రాయము. పరీక్షింపవలసినది బిడ్డనా, బోధననా?

దృష్టాంతమునకు, మూడవ తరగతి బాలిక యొకతె 52లో నుండి 27 తీసివేసి 35 అని వ్రాసినదనుకొందము. ఉపాధ్యాయుడు సున్న వేసెను. బాలికకు లెక్క రాదనుట తప్ప ఆ సున్న యేమియు తెలుపదు. పలకను నిదానించి చూచినచో వేఱొక సంగతి గోచరించును. రెండులో నుండి యేడు పోదు గనుక, ఆమె యేడులో నుండి రెండు తీసివేసినది. పెద్దదానిలో నుండి చిన్నదానిని తీయవలెనని తొలుత మనము నేర్పిన నియమమునే యామె పాటించినది. పదుల స్థానము నుండి యొక పదిని తెచ్చుకొనుట యామె కింకను తెలియదు. పది పుల్లల కట్టను విప్పి చూపి రేపటి పాఠము నారంభింపుడని యా తప్పే ఉపాధ్యాయునకు చెప్పుచున్నది. ప్రణాళిక, బోధన, పరీక్ష యను మూడును ఇట్లు ఒకదాని నొకటి దిద్దుకొనవలసినవి.

పరీక్షను వెలగట్టు సాధనముగా వాడినచో నేమగునో చరిత్ర చూపినది. 1862లో ఇంగ్లండు ప్రభుత్వము చదువుట, వ్రాయుట, లెక్కలయందు ప్రతి బిడ్డను పరీక్షింపజేసి, తప్పిన విషయ మొక్కింటికి 2 షిల్లింగుల 8 పెన్నీల చొప్పున బడికిచ్చు గ్రాంటును తగ్గించు పద్ధతి పెట్టెను. కవియు, పాఠశాలల ఇన్‌స్పెక్టరును అగు మాథ్యూ ఆర్నాల్డు దీనిని నిరసించెను. నిజముగా నేర్పకయే పరీక్ష దాటించు ఉపాయములు పుట్టునని యాతడు హెచ్చరించెను. మదరాసు రాజధానిలోను ఫలితములను బట్టి గ్రాంటిచ్చు పద్ధతి కొంతకాలము నడచినది.

మన 2009 నాటి విద్యాహక్కు చట్టము ఎనిమిదవ తరగతి ముగియువఱకు ఏ బిడ్డను వెనుక నిలుపరాదని శాసించి, నిరంతర సమగ్ర మూల్యాంకనమును విధించెను. ఉద్దేశము మంచిది. కాని నేర్పకయే పై తరగతికి పంపుట దయ కాదు, ఉపేక్ష. 2019 నాటి సవరణ 5, 8 తరగతులలో పరీక్ష పెట్టి, తప్పినవారికి అదనముగా బోధించి, రెండు మాసములలో మరల పరీక్షింపవలెనని చెప్పి, అప్పటికిని తప్పినవారిని నిలుపుటకు ప్రభుత్వములకు వీలు కల్పించెను. ఐదేండ్లలో రానిది రెండు నెలలలో వచ్చునా? రాకున్న శిక్ష యెవరికి?

బిడ్డకును శ్రద్ధ వలదా యని యడుగుదురు. వలయును. కాని యెనిమిదేండ్ల పసిబిడ్డ తన పాఠ్యక్రమమును గాని, గురువును గాని తానెన్నుకొనలేదు. ఉపాధ్యాయుడొక్కడే ఐదు తరగతులకు బోధింపవలసిన చోట తప్పంతయు నతనిదే యనుటయు న్యాయము కాదు. అతని నట్లు నియమించినవారును ఆ పరీక్షలో కూర్చుండవలసినవారే. కావున ప్రాథమిక పాఠశాలలో మార్కుల పట్టికను తండ్రి చేతికిచ్చుటకు ముందు, ఈ బిడ్డకు రానిదానిని నేర్పుటకు మేమేమి చేసితిమని పాఠశాల తన్ను తాను ప్రశ్నించుకొనవలయును. ఆ ప్రశ్నకు బదులు వ్రాయలేని బడికి బిడ్డను తప్పించు నధికారము లేదు.