పెద్దల ఓనమాలు

హైదరాబాదులో పగలు పదిమందికి ఆజ్ఞలిచ్చు పెద్దమనిషి, సాయంకాలపు తరగతిలో జపాను భాషయొక్క 46 హిరగాన అక్షరములను దిద్దుచు తప్పులు సవరించుకొనుచుండును. ఇందు చిన్నతన మేమియు లేదు. అ, ఇ, ఉ, ఎ, ఒ, పిమ్మట క, స, త, న అను ఆ వరుస సంస్కృత వర్ణక్రమము ననుసరించి యేర్పడినదే. క్రియ వాక్యాంతమున నిలుచుటయు తెలుగువారికి క్రొత్త గాదు. 2010వ సంవత్సరపు పట్టికలోని 2136 కంజీల మాట తలచినప్పుడు మాత్రము గుండె జారును.

మొదటి పాఠముననే గురువు చెప్పును: ఎదుటివారి పేరునకు ‘సాన్’ చేర్చవలెను, తన పేరునకు చేర్చరాదు. మన పెద్దలకు ఇది కంజీలకంటెను కష్టము! అయినను నేర్చుకొనుచున్నారు, సంతోషమే. కాని యింటి వంటమనిషి తెలుగు ఓనమాలు నేర్చుకొందు నన్నచో, ‘ఈ వయసున నీకేల చదువు?’ అని నవ్వువారును వీరిలో నున్నారు. తమ 50 ఏండ్లకు లేని యడ్డు ఆమె 40 ఏండ్లకు ఎట్లు వచ్చినదో మాకు బోధపడకున్నది.