ఒక బిడ్డకు నాలుగు శాసనములా?



దయ యనునది ఎప్పుడు దయ కాకుండ పోవును? ఈ ప్రశ్న నాకు గ్రంథములలో దొరకినది కాదు. పాకాల దగ్గర ఒక చిన్న పల్లెలోని సంఘములో, ఒక బిస్కెట్టు పొట్లము వలన పుట్టినది.

ఆ సంఘములో పదియేండ్ల బాలుడొకడు కలడు. వానికి మాటలు రాలేదు. పిలిచిన పలుకడు, ముఖములోనికి చూడడు. గాని హార్మోనియము మ్రోగగానే తల ఊపును. వైద్యులు దానిని ఆటిజమనిరి. ఆరాధన కొంచెము దీర్ఘమైనయెడల వాడు కేకలు వేయును, తలను బల్లకు కొట్టుకొనును. అందుచేత నేను అంగీ జేబులో బిస్కెట్టు పొట్లము పెట్టుకొని పోవుట అలవాటు చేసికొంటిని. కేక వినబడగానే ఒకటి చేతిలో పెట్టుదును, వాడు ఊరకుండును. అయ్యగారికి బిడ్డలపై ఎంత ప్రేమయో అని స్త్రీలు చెప్పుకొనిరి. ఆ మాట నాకును ఇంపుగానే యుండెను.

నాలుగు నెలలు ఇట్లు గడచినవి. ఒక సోమవారము ఆ బాలుని తల్లి మా అరుగు దగ్గరకు వచ్చి, చాలసేపు ఊరక నిలిచి, ఇట్లనెను: “అయ్యగారూ, తప్పుగా అనుకోబాకండి. మా అబ్బోడికి బిస్కెట్టు ఇయ్యబాకండి. అరిస్తే ఏమీ రాదని వారమంతా వాడికి నేర్పిస్తా ఉండాను. ఆదివారం పొద్దున మీరు ఒక్క బిస్కెట్టుతో అంతా తుడిచిపెట్టేస్తా ఉండారు.”

నాకు కోపము వచ్చెను. దాచుకొననేల? ఒక కూలిస్త్రీ నాకు ప్రేమను గూర్చి బోధించుచున్నదని తోచెను. ఆ రాత్రి నిద్ర రాక ఆలోచింపగా ఒక సంగతి తేటపడినది. నేను ఆ బాలునికి బిస్కెట్టు ఇచ్చితినా, లేక నా ప్రసంగమునకు నిశ్శబ్దమును కొనుక్కొంటినా? కొన్నది నేను, వెల చెల్లించినది ఆ తల్లి.

ఆమె మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కూలి మానుకొని, బిడ్డను వేలూరునకు తీసికొనిపోయి, కొన్ని వారములు వానితోకూడ అక్కడనే యుండి వచ్చినది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు 1957లో బాగాయములో మానసిక ఆరోగ్య కేంద్రమును తెరచినప్పుడు, రోగితోకూడ ఇంటివారును వచ్చి ఉండు పద్ధతిని అనుసరించిరి. ఆ దశాబ్దములోనే అమృతసర్‌లో డాక్టర్ విద్యాసాగర్ గారు ఆసుపత్రి ఆవరణములో గుడారములు వేయించి రోగుల కుటుంబములను అక్కడ ఉంచిరి. బాగాయములో ఇట్టి బిడ్డల కొరకైన విభాగమునకు నంబిక్కై నిలయమని పేరు. నంబిక్కై యనగా నమ్మిక. అక్కడ బిడ్డకు నేర్పునదానిని తల్లిదండ్రులకును నేర్పుదురు. ఏలయనగా బిడ్డ దినమంతయు బ్రదుకునది వైద్యుని గదిలో కాదు గదా.

ఆమె తెచ్చినది పెద్ద ఔషధమేమియు కాదు. నాలుగు అట్టముక్కలు. ఒకదానిపై నీళ్ల చెంబు, ఒకదానిపై అన్నము పళ్లెము, ఒకదానిపై తలుపు, ఒకదానిపై చెవులు మూసికొన్న బాలుని బొమ్మ. కేకకు బదులు వాడు ఆ అట్టను ఎదుటివాని చేతికి ఇయ్యవలెను. ఇచ్చిన వెంటనే ఎదుటివాడు ఆ కోరికకు జవాబు చెప్పవలెను. ఇంతే.

అయితే ఆ బాలుని దినములో ఎన్ని రాజ్యములున్నవో చూడుము. ఇంటిలో తల్లి చెప్పినట్లు అట్ట ఇచ్చిననే నీళ్లు. ఆమె పనికి పోగానే అవ్వ రాజ్యము. అవ్వకు మనుమని కేక వినిన గుండె నీరైపోవును, బెల్లముముక్క నోటిలో పెట్టును. బడిలో కేక వేసినయెడల బయటికి పంపుదురు. వాడు కోరునది బయటికి పోవుటయే గనుక అది శిక్ష కాదు, బహుమానమే. తండ్రి సాయంకాలము అలసి వచ్చి కేక వినినయెడల చెయ్యి చేసికొనును. ఆదివారమున నా బిస్కెట్టు. ఒకే కేకకు ఒకచోట మౌనము, ఒకచోట బెల్లము, ఒకచోట సెలవు, ఒకచోట దెబ్బ. మాటలు వచ్చిన మనకైనను ఇట్టి దేశములో మతి నిలుచునా?

మన చిత్తూరు సీమలో పాలు పోయు ఇల్లు లేని పల్లె అరుదు. లీటరు కొలత పొద్దున ఒక విధముగాను సాయంకాలము మరియొక విధముగాను ఉండినయెడల నీవు ఆ కేంద్రములో పాలు పోయుదువా? కొలత మంచిదా చెడ్డదా అను విచారణ తరువాతిది. అది అందరి చేతిలోను ఒక్కటే అయినప్పుడే కొలతయగును. మాటయు అట్టిదే. ‘నీళ్లు’ అను మాటకు అర్థమున్నదనగా, ఆ మాట వినినవారందరు నీళ్లవైపే చూతురని అర్థము. ఆ అట్టముక్క తల్లి చేతిలో మాట, అవ్వ చేతిలో ఆటవస్తువు, నా చేతిలో కాగితము అయినయెడల అది ఇంకను మాట కాలేదు. దానిని మాటగా చేయుట ఆ బాలునివలన కాదు, ఆ తల్లివలనను కాదు. ఊరంతయు కలిసిననే ఆ అట్ట మాటయగును. మనము ఒప్పుకొననంతవరకు వాడు మూగవాడు; కొంతమట్టుకు వానిని మూగవానిగా ఉంచినది మనమే.

మన ప్రాంతపు చిక్కు ఇంకొకటి కలదు. ఆ ఇంటిలో తల్లి నీళ్లనును, అరవనాటినుండి వచ్చిన అవ్వ తన్ని అనును, ఇంగ్లీషు మీడియము బడి వాటర్ అనును. ఇది మనకు సంపద. అనేక బిడ్డలకు రెండు మూడు భాషలు భారము కానేరవు. అయితే ఇంకను ఒక్క మాటయైనను పట్టుబడని ఈ బాలునికి, భాష ఏదైనను చేతిలో పెట్టు బొమ్మ ఒక్కటే కావలెను.

అప్పుడప్పుడు ఇచ్చిన ఏమి నష్టమని నీవు అడుగుదువు. ఆ అప్పుడప్పుడే అన్నిటికంటె గట్టిది. ఆ 1957లోనే ఫెర్‌స్టర్, స్కిన్నర్ అను అమెరికా శాస్త్రజ్ఞులిద్దరు పావురములపై చేసిన పరీక్షలను పెద్ద గ్రంథముగా ప్రకటించిరి. ప్రతిమారు ఫలము పొందిన అలవాటు, ఫలము ఆగిపోగానే త్వరగా నశించును. ఎప్పుడో ఒకప్పుడు మాత్రమే ఫలము పొందినది బహుకాలము నిలుచును. లాటరీ టికెట్టు కొనువానిని చూచినవారికి దీనికి పావురములు అక్కరలేదు. ఆరుదినములు తల్లి నిలుపగా ఏడవదినమున నేనిచ్చిన బిస్కెట్టు ఆ కేకను మాన్పలేదు. దానికి ఓర్పు నేర్పినది.

మరియొక సంగతి తల్లిదండ్రులు ముందుగా ఎరుగవలెను. కేకకు ఫలము ఆపిన తొలిదినములలో కేక తగ్గదు, తరచు పెరుగును. అప్పుడే ఇరుగుపొరుగువారు వచ్చి, పాపము ఆ బిడ్డకు ఏదో ఒకటి ఇయ్యరాదా అందురు. మన సంఘస్త్రీలు ఆ ఇంటికి పోవలసినది ఆ దినములలోనే. బెల్లముతో కాదు, ఆ తల్లి పక్కన కూర్చుండుటకు. అయినను కేకను ఊరక విడిచిపెట్టుమని నేను చెప్పుటలేదు. మొదట చెవిపోటో, పంటినొప్పియో, మలబద్ధమో చూడవలెను. కేకకు ముందు ఏమి జరిగినది, తరువాత వానికి ఏమి దొరకినది వ్రాసికొనవలెను. తల కొట్టుకొనువానిని కాపాడవలెను, తెలిసిన వైద్యుని అడుగవలెను. కేకయు ఒక అడుగుటయే. 1985లో కార్, డ్యూరాండ్ అనువారు కొందరు బిడ్డలకు కేకకు బదులు సహాయము అడుగు చిన్నమాటను నేర్పగా, ఆ దుష్ప్రవర్తన చాల తగ్గినదని చూపిరి. అడుగుటకు దారి చూపక కేకను మాత్రము మూయించుట, తలుపు మూసి ఊపిరి ఆడలేదేమని అడుగుటవంటిది.

ఇది పశువును మచ్చిక చేయుట కాదా యని ఒక ఉపాధ్యాయుడు నన్ను అడిగెను. మంచి ప్రశ్న, దానికి నేను త్వరపడి జవాబు చెప్పలేదు. పెద్దలందరు ఏకమై ఒక బిడ్డను తమ సౌఖ్యమునకు అనుకూలముగా మలచుకొనినయెడల అది మచ్చికయే, ఇంకను చెప్పిన క్రూరత్వమే. వాడు చేతులు ఊపుట నా కన్నులకు వింతగా నున్నదని మాన్పించుటకు నాకు అధికారము లేదు. అందుచేత ఆ తల్లి పద్ధతిలో నాకు ముఖ్యముగా కనబడునది నాలుగవ అట్ట. చెవులు మూసికొన్న బొమ్మ: ఇక చాలు అని. ఆ అట్టను వాడు ఇచ్చినప్పుడు మనము ఆపనియెడల, మిగిలిన మూడు అట్టలును మచ్చికయే యగును.

మన పల్లెలలో ఇంకను కొందరు ఇది దయ్యమందురు, బిడ్డను కట్టి ప్రార్థనకు తెత్తురు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టబడిన 28 మంది మానసిక రోగులు మంటలలో తప్పించుకొనలేక చనిపోయిరి. అట్లు గొలుసులతో బంధించుటను 2017 మానసిక ఆరోగ్య చట్టము నిషేధించినది. ఆటిజము రోగమైనను కాదు, ఎదుగుదలలోని భేదము. 1995 చట్టములో దానికి పేరైనను లేదు. 2016 చట్టము 21 విధముల వైకల్యములలో దానిని చేర్చినది. సదరం సర్టిఫికెట్టు, భవిత కేంద్రము అను మాటలు మీ సంఘములో ప్రతి తల్లికి తెలియునా? సెమినరీలో నాకు గ్రీకు క్రియలు నేర్పిరి. ఇట్టి బిడ్డకు వందనము ఎట్లు చెప్పవలెనో ఎవరును నేర్పలేదు.

పక్షవాయువు గలవానిని ఇంటికప్పు విప్పి దింపిన నలుగురిని గూర్చి మీకు తెలియును. వారి విశ్వాసమును గూర్చి నేనెన్నోమారులు ప్రసంగించితిని. వారి చేతులను గూర్చి ఇప్పుడే ఆలోచించుచున్నాను. నలుగురిలో ఒకడు జాలిపడి త్వరగా దింపినయెడల ఆ మనుష్యుడు తలక్రిందుగా పడియుండును.

మేము చేసినది కొంచెమే. ఆ తల్లి, అవ్వ, తండ్రి, బడిపంతులు, నేను ఒక సాయంకాలము మా అరుగుమీద కూర్చుండి, ఆ నాలుగు అట్టలకు అందరము ఒకే జవాబు చెప్పుదుమని ఒప్పుకొంటిమి. అవ్వకు అది కష్టముగా నుండెను. బెల్లము ఇచ్చుట మానలేదు గాని అట్ట చేతికి వచ్చిన తరువాతనే ఇచ్చుచున్నది. తండ్రి రెండుమారులు తప్పెను. తానే వచ్చి చెప్పెను. బడిలో పంతులు మారగా మరల మొదటినుండి చెప్పవలసివచ్చెను. కేకలు నేటికిని ఉన్నవి, మునుపటికంటె తక్కువ.

కడచిన నెలలో ఒక ఆదివారము నేను ప్రసంగము మధ్యలో నుండగా వాడు లేచి, తిన్నగా నాయొద్దకు వచ్చి, తలుపు బొమ్మగల అట్టను నా చేతిలో పెట్టెను. సంఘమంతయు చూచుచుండెను. కేక లేదు. నేను మాట ఆపి, వాని చెయ్యి పట్టుకొని, బయట చింతచెట్టు క్రిందివరకు నడచితిని. సంఘపెద్ద ఒకడు వచ్చి వానియొద్ద కూర్చుండెను. తిరిగి వచ్చి చూడగా నేనెక్కడ ఆపితినో నాకు జ్ఞాపకము రాలేదు; ముందువరుసలో కూర్చున్న ఒక చిన్నపిల్ల చెప్పెను.