ఫలితం ఎవరు చెప్పాలి?

మన తెలుగునాట చిన్నపిల్లలతో మాట కలపాలంటే పెద్దవాళ్ళకి తెలిసినవి రెండే ప్రశ్నలు. "ఏం చదువుతున్నావు?" అన్నది మొదటిది. "ఎన్ని మార్కులొచ్చాయి?" అన్నది రెండోది. ఈ రెండూ అయిపోయాక ఆ పిల్లతో మాట్లాడ్డానికి మనకింకేమీ మిగలదు. తల నిమిరి, "బాగా చదువుకోమ్మా" అని దీవించి, వాళ్ళమ్మ వైపు తిరిగి కందిపప్పు ధరలోకి దిగిపోతాం.

మా చెల్లెలి ఇంటికి వెళ్ళేవాళ్ళకి ఈ రెండు ప్రశ్నలూ పనికిరావు. 2020 మార్చిలో కరోనా వచ్చి బళ్ళు మూతపడ్డప్పుడు దాని కూతురు ఒకటో క్లాసు. కొడుకు ఇంకా బలపం పట్టనేలేదు. బళ్ళు మళ్ళీ తెరిచాక అందరూ పిల్లల్ని పంపించారుగాని, మా చెల్లెలూ మరిదీ మాత్రం పంపలేదు. "ఇంట్లోనే చదువు చెప్పుకుంటాం" అన్నారు. చుట్టాలంతా నోళ్ళు నొక్కుకున్నారు. పిల్లల్ని బళ్ళో వెయ్యడం తల్లిదండ్రుల విధి అని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతుందని ఒక బాబాయిగారు హెచ్చరించారు కూడా. ఇంటి చదువు సంగతి ఆ చట్టం విడిగా చెప్పలేదని మా మరిది జవాబు. ఆ వాదన లాయర్లకి వదిలేద్దాం. నాకు ఆసక్తి కలిగించింది వేరే సంగతి. బడి మానిపిస్తే పిల్లలకి మార్కుల గొడవ తప్పుతుందని వాళ్ళిద్దరి నమ్మకం. నిజంగా తప్పుతుందా?

మొన్న వేసవిలో వాళ్ళింట్లో పదిహేను రోజులున్నాను. పెరట్లో ఒక కొబ్బరిచెట్టు ఉంది. "పెద్దమ్మా, ఈ చెట్టు ఎంత ఎత్తుంటుంది?" అని అడిగింది అమ్మాయి. "కాయలు దింపే అతన్ని అడగరాదూ?" అన్నాను. "అడిగాను. అతనికి ఎక్కడమే తెలుసుట, కొలవడం తెలీదుట" అంది.

లెక్క తెలిసినవాళ్ళకి ఇదేమంత బ్రహ్మవిద్య కాదు. మూడడుగుల కర్రని ఎండలో నిలబెట్టి దాని నీడ కొలవాలి. అదే వేళకి చెట్టు నీడా కొలవాలి. కర్ర నీడ రెండడుగులుంటే, నీడకి ఒకటిన్నర రెట్లు కర్ర ఎత్తు అన్నమాట. చెట్టుకీ అదే లెక్క. మా మరిది చెబితే అయిదు నిమిషాల పని. ఆయన, "నీడల్ని బట్టి కనిపెట్టొచ్చేమో చూడు" అన్న ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాడు.

ఆ పిల్లకి పది రోజులు పట్టింది. మొదటిరోజు కర్ర నీడ పొద్దున్నే కొలిచి, ఇడ్లీలు తినేసి వచ్చి చెట్టు నీడ కొలిచింది. ఈలోగా నీడ జరిగిపోయిందన్న సంగతి మర్నాటికి గాని తట్టలేదు. రెండోరోజు కర్ర ఒరిగింది. మూడోరోజు చెట్టు నీడ నేలంతా పాకి ప్రహరీగోడ ఎక్కేసింది. గోడ మీది నీడని ఎలా కలపాలి? ఆ ప్రశ్నతో రెండు రోజులు గడిచాయి. చివరికి ఎండ ఇంకాస్త నడినెత్తికి వచ్చేదాకా ఆగితే నీడ పొట్టిదై పెరట్లోనే పడుతుందని తనే పట్టుకుంది. ఆ తర్వాత అసలు సందేహం వచ్చింది. "పెద్దమ్మా, చెట్టు ఎత్తు అంటే మొవ్వు దాకానా, మట్ట కొస దాకానా?" ఏ పాఠ్యపుస్తకంలో ఉందండీ ఈ ప్రశ్న? పది రోజులు చెట్టు కింద తచ్చాడినవాళ్ళకే వస్తుంది అది.

అంతా బాగానే ఉంది. కానీ అయిదోరోజునో ఆరోరోజునో ఒకటి జరిగింది. టేపు కొస పట్టుకుని ఎండలో వంగుని ఉంది పిల్ల. వంటింటి కిటికీలోంచి మా చెల్లెలు, "ఎంత వచ్చిందే?" అని కేకేసింది. మామూలు ప్రశ్నే. అందులో కోపం లేదు, తొందరా లేదు. అయినా ఆ పిల్ల టేపు వైపు చూడలేదు. వాళ్ళమ్మ ముఖం వైపు చూసింది.

ఆ చూపు ఏమిటో మనందరికీ తెలుసు. చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు చేతికిచ్చి నాన్నగారి కనుబొమలు ఎటు కదులుతాయా అని చూసిన చూపు అది. బడి లేదు, పరీక్ష లేదు, ర్యాంకు లేదు. అయినా పరీక్షాధికారి ఇంట్లోనే ఉన్నాడు. తల్లి ముఖమే ప్రోగ్రెస్ కార్డు అయి కూర్చుంది. బళ్ళో అయితే మూడు నెలలకో పరీక్ష. ఇంట్లో అయితే పూటపూటా పరీక్షే! ఇంటి చదువులో ఉన్న ప్రమాదం ఇదేనని నాకు తోచింది.

ముఖం చూడ్డం అలవాటైతే ఏమవుతుంది? దీన్ని గురించి అమెరికాలో మార్క్ లెపర్ మొదలైన మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1973లో ఒక ప్రయోగం ప్రకటించారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శిశువిహార్‌లో, బొమ్మలు వెయ్యడమంటే ఇష్టమున్న పసిపిల్లల్ని ఎంచుకున్నారు. కొందరికి, "బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన మంచి సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. కొందరికి ఏమీ చెప్పకుండా, వేశాక ఇచ్చారు. కొందరికి అసలేమీ ఇవ్వలేదు. కొద్దిరోజుల తర్వాత అవే రంగుపెన్నులు మామూలుగా బల్ల మీద పెట్టి, ఎవరు ఎంతసేపు ఆడుకుంటారో చాటునుంచి చూశారు. బహుమతి కోసం వేసిన పిల్లలు మిగతావాళ్ళతో పోలిస్తే సుమారు సగంసేపే వాటి జోలికి వెళ్ళారు. బహుమతి వస్తుందని తెలిసి వేసినప్పటి బొమ్మలు కూడా అంతంతమాత్రంగానే ఉన్నాయిట. అనుకోకుండా బహుమతి వచ్చినవాళ్ళ సరదా మాత్రం ఏమీ తగ్గలేదు. అంటే చెడ్డది బహుమతి కాదు. దానికోసమే పని చెయ్యడం. ఆటని కూలిపని చేసేశాం మనం. కూలి లేనప్పుడు పనిలోకి ఎవరొస్తారు?

చిత్రమేమిటంటే, ఫలం మీద ఆశ పెట్టుకోకుండా పని చెయ్యమన్న గీతాబోధ మన ఇళ్ళల్లో గోడ మీది క్యాలెండర్లకి కూడా తెలుసు. ఆ క్యాలెండర్ కిందే నిలబెట్టి పిల్లవాణ్ణి, "పక్కింటి అబ్బాయికి తొంభై ఎనిమిది వస్తే నీకు తొంభై ఒకటేమిట్రా?" అంటాం. ఇంటర్ ఫలితాలొచ్చిన మర్నాడు పేపర్ల నిండా పిల్లల ఫోటోలు, వాటి పక్కన అంకెలు. మనవాడి ఫోటో అందులో లేకపోతే ఇంట్లో పొయ్యి కూడా నీరసంగా మండుతుంది.

అయితే మరి ఫలితమే వద్దందామా? "ఏం వచ్చినా ఫరవాలేదమ్మా, ప్రయత్నించావు కదా, అదే చాలు" అని తల నిమురుదామా? ఇలా అనేవాళ్ళు ఈమధ్య బయల్దేరారు. నాకు ఈ మాటా నచ్చదు. కొబ్బరిచెట్టు తొంభై అడుగులుందని లెక్క తేలితే అది తప్పే. తప్పుని ఒప్పు అనడం పిల్లల మీద ప్రేమ కాదు, వాళ్ళ తెలివిని చులకన చెయ్యడం. పిల్లలకి అది ఇట్టే తెలిసిపోతుంది కూడా.

మనం ముగ్గు నేర్చుకున్న సంగతి ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఏ బళ్ళో నేర్చుకున్నాం? అమ్మ పక్కనో, అమ్మమ్మ పక్కనో చతికిలబడి నేర్చుకున్నాం. మార్కులు ఎవరూ వెయ్యలేదు. అలాగని తప్పు తెలియకపోయిందా? చుక్క ఒకటి తగ్గితే గీత చుట్టూ తిరిగొచ్చి కలవదు. అమ్మమ్మ నోరు విప్పక్కర్లేదు, ముగ్గే చెప్పేస్తుంది. కాలితో చెరిపేసి మళ్ళీ చుక్కలు పెట్టుకునేవాళ్ళం. పెనం కాగకుండా పిండి పోస్తే దోసె అంటుకుపోయి చెబుతుంది. శ్రుతి తప్పితే తంబురా చెబుతుంది. ఇవన్నీ ఫలితాలే. కానీ ఇవి పని చెప్పే ఫలితాలు. ర్యాంకూ, రిబ్బనూ, తల్లి ముఖమూ పైవాళ్ళు చెప్పే ఫలితాలు. పని చెప్పిన తప్పు ఎక్కడ దిద్దుకోవాలో కూడా చూపిస్తుంది. పైవాళ్ళు చెప్పిన తప్పు చాలాసార్లు సిగ్గు మాత్రమే మిగులుస్తుంది. చదువుని ప్రేమించడమంటే ఫలితాన్ని తోసెయ్యడం కాదు, దాన్ని పని నోటినుంచే వినే ఓపిక తెచ్చుకోవడం. పిల్లల కంటే ముందు ఈ ఓపిక రావలసింది మనకి.

ఈ సందర్భంలో నాకు భండారు అచ్చమాంబగారు గుర్తొస్తారు. 1874లో పుట్టి, పదేళ్ళకే పెళ్ళయి, ఏ బడి గడపా తొక్కని మనిషి. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు చదువుకుంటూ ఉంటే, ఆయనతోపాటు ఇంట్లోనే తెలుగూ హిందీ నేర్చుకున్నారు. ఆ తర్వాత ఇంకొన్ని భాషలూ పట్టుబడ్డాయి. దేశంలోని స్త్రీల జీవితచరిత్రలు సేకరించి "అబలా సచ్చరిత్ర రత్నమాల" రాశారు. 1905లో పోయేనాటికి ఆవిడకి ముప్ఫయ్యొక్క ఏళ్ళు కూడా నిండాయో లేదో. ఆవిడ చదివితే డిగ్రీ ఇచ్చేవాళ్ళు లేరు, ఉద్యోగం ఇచ్చేవాళ్ళు అంతకన్నా లేరు. ఆ చదువు నుంచి ఎవరూ ఏమీ ఆశించలేదు. అందుకే అది అచ్చంగా ఆవిడ సొంతమయింది కాబోలు అనిపిస్తుంది.

కానీ ఇక్కడ మనం కొంచెం జాగ్రత్తగా ఉండాలి. ఆవిడకి పట్టా లేకపోవడం అందంగా కనిపిస్తోందంటే, నూరేళ్ళ పైన గడిచిపోయాయి గనక. మన అమ్మమ్మలు ఎంతమంది "నేర్చుకోవడమే ఆనందం" అని వంటింట్లో కూర్చున్నారు? చేతిలో సర్టిఫికెట్ లేక, కష్టం వచ్చిన రోజున ఏ తలుపు తట్టాలో తెలియక ఎంతమంది ఏడ్చారు? ఆడపిల్లకి సర్టిఫికెట్ కాగితం కాదు, గొడుగు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి తన కూతుర్ని గవర్నమెంటు బడికి పంపుతుంది. ఆ బడి ఆ పిల్లకి అక్షరమూ, మధ్యాహ్నం అన్నమూ, తల్లి పనికి వెళ్ళినప్పుడు నీడా కూడాను. దానితో "మార్కులదేముందమ్మా" అని నేను అనలేను. అనే హక్కు నాకు లేదు.

అందుకే మా చెల్లెలితో ఆ రాత్రి ఈ విషయమే మాట్లాడాను. "పదో తరగతి సంగతేమిటే?" అన్నాను. అది నిమ్మళంగానే చెప్పింది. "ఉందిగా అక్కా, ఎన్.ఐ.ఓ.ఎస్. అని కేంద్రం వాళ్ళ ఓపెన్ స్కూలు. పద్నాలుగేళ్ళు నిండితే పదో తరగతికి కట్టొచ్చు. అయిదేళ్ళలో తొమ్మిదిసార్లు రాసే అవకాశం ఉంది. ఒక్కొక్క సబ్జెక్టే రాసుకుంటూ పోవచ్చు కూడా" అంది. తొమ్మిదిసార్లు! నాకు ఆ అంకె ఎంతో నచ్చింది. తప్పిన పిల్లతో "మళ్ళీ రా" అనడానికి ప్రభుత్వానికే అంత ఓపిక ఉంటే కన్నతల్లికి ఎంత ఉండాలి?

"అది సరేగాని, పొద్దున అది నీ ముఖం కేసి చూసింది, గమనించావా?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు మా చెల్లెలు. తర్వాత అంది, "గమనించానక్కా. నాకూ భయమే. బడి మానిపించి తప్పు చేశావని అందరూ అంటున్నారు కదా. అదేదైనా చేసి చూపిస్తే ఆ నోళ్ళు మూతపడతాయని నాకు లోపల ఉంది. దాని కొబ్బరిచెట్టు నా పరీక్ష అయిపోయింది."

ఎంత నిజం! పిల్లల ఫలితాల మీద మనకింత ఆరాటం వాళ్ళ భవిష్యత్తు కోసమేనని అనుకుంటాం. కొంత నిజమే. మిగతాది మన పరీక్ష. పెళ్ళిపందిట్లో పదిమందిలో చెప్పుకోవడానికి మనకొక అంకె కావాలి. మన త్యాగాలకీ, మానేసిన ఉద్యోగాలకీ, నిద్రలేని రాత్రులకీ వాళ్ళ మార్కుల్లో జీతం వెతుక్కుంటాం. అడిగే హక్కు లేని చోట అడిగే జీతం అది. పిల్ల నేర్చుకున్నది పిల్లది. మనం పెట్టిన అన్నానికి రసీదు కాదు.

మా పిల్లలు బడికే వెళ్తారు, ఈ గొడవ మాకెందుకంటారా? బడి నాలుగింటికో అయిదింటికో వదిలిపెడుతుంది. అక్కణ్ణించి పడుకునేదాకా మీ ఇల్లే బడి. అక్కడ పంతులమ్మ మీరే. అందుకని నాకు తోచిన చిన్న ఉపాయం ఒకటి చెబుతాను. "ఎన్ని వచ్చాయి?" అని అడగబోయే చోట, "ఎక్కడ ఆగిపోయావు?" అని అడిగి చూడండి. మొదటి ప్రశ్నకి జవాబు ఒక అంకె. అది విన్నాక మెచ్చుకోవడమో, నొచ్చుకోవడమో తప్ప మనం చెయ్యగలిగిందేమీ ఉండదు. రెండో ప్రశ్నకి జవాబు చెప్పడానికి పిల్ల పుస్తకం తెరవాలి, మనం పక్కన కూర్చోవాలి.

చెట్టు 42 అడుగులని తేలింది, మొవ్వు దాకా. నేను ఊరికి బయల్దేరేనాటికి ఆ పిల్ల వీధి చివర గుడి ధ్వజస్తంభం కొలుస్తోంది. దాని నీడ పొద్దున్నపూట పక్కవాళ్ళ డాబా మీద పడుతోందిట. ఏం చేస్తుందో మరి. మా చెల్లెలు ఇంకా అడగలేదుట.