అందం పోతే ఎవరికి నష్టం?

కాలిఫోర్నియాలో మినరల్ కింగ్ అని ఒక లోయ ఉంది. 1960ల్లో అక్కడ మూడున్నర కోట్ల డాలర్లతో స్కీయింగ్ రిసార్ట్ కడతామన్న డిస్నీ ప్రణాళికకు అమెరికా అటవీశాఖ ఒప్పుకుంది. సియెర్రా క్లబ్ కోర్టుకెక్కింది. 1972లో సుప్రీంకోర్టు 4-3 తేడాతో క్లబ్‌కి ఆ కేసు వేసే అర్హత లేదని తేల్చింది. అందం చెడిపోవడం కూడా నష్టమేనని కోర్టు ఒప్పుకుంది, కానీ ఆ నష్టం ఎవరికో చెప్పమంది. "మా సభ్యులు ఆ లోయలో తిరుగుతుంటారు" అని ఒక్క ముక్క రాసుంటే సరిపోయేది. క్లబ్ కావాలనే రాయలేదు.

నాకు ఈ కేసులో నచ్చింది ఆ రాయకపోవడమే. లోయ బావుంది, దాన్ని పాడుచేయకండి అనడం వేరు, నా నడకకి అడ్డొస్తోంది అనడం వేరు. మొదటిది లోయ గురించి, రెండోది నా గురించి. తర్వాత క్లబ్ ఆ ముక్క చేర్చి పిటిషన్ సవరించుకుంది. రిసార్ట్ రాలేదు, 1978లో లోయ సెక్వోయా నేషనల్ పార్కులో కలిసింది. లోయ మిగిలింది సరే, మొదట అడిగిన ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

మన దగ్గర నియమగిరి సంగతి తెలిసిందే. 2013లో సుప్రీంకోర్టు గ్రామసభల్ని అడగమంది, 12కి 12 బాక్సైట్ గనులు వద్దన్నాయి. అక్కడ కొండ డోంగ్రియా కోందులకి దేవుడు. దేవుడికి చట్టంలో చోటుంది.

మరి దేవుడు కాని రాళ్ళ సంగతి? 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీద గొడవంతా చెట్ల చుట్టూ, జింకల చుట్టూ, అది అడవా కాదా అన్న దాని చుట్టూ తిరిగింది. (కంచ అంటే పశువులు మేసే బీడు. ఆ మాట ఎవరికీ పట్టలేదు.) అడవికి నిఘంటువు అర్థమే తీసుకోవాలని 1996 గోదావర్మన్ తీర్పు చెప్పింది కాబట్టి, అది అడవే అనడం తెలివైన వాదన. తప్పుపట్టను. కానీ అక్కడి గ్రానైట్ గుండ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. కొట్టేసిన చెట్టు చోట ఇంకోటి నాటొచ్చు, పేల్చేసిన గుండుని ఎవరు నాటుతారు? తిరిగి రానిదాన్ని కాపాడమనడానికి, తిరిగొచ్చేదాన్ని సాక్ష్యానికి పిలవాల్సొచ్చింది.

అందం కడుపు నింపుతుందా అనేవాళ్ళున్నారు. అది కొట్టిపారేసే మాట కాదు. నా ఉద్యోగమే అలాంటి గుట్టల్ని చదును చేసి లేపిన అద్దాల మేడలో. అందమే ప్రతిసారీ గెలవాలని నేననను. ఒక్కోసారి ఇళ్ళూ ఉద్యోగాలే ముఖ్యం కావచ్చు, ఓడిపోనీ. కానీ ఓడిపోయేది అందమని ఫైల్లో ఎక్కడో ఒకచోట ఉండాలి కదా! చెట్ల లెక్కలాగా, భూమి ధరలాగా, దానికీ ఒక గడి.

రోజూ ఖాజాగూడ గుట్టల పక్కనుంచే ఆఫీసుకి వెళ్తాను. వాటిని ఎప్పుడూ ఎక్కలేదు, అక్కడ నాకే పనీ లేదు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు రెండు నిమిషాలు కనిపిస్తాయి, అంతే. రేపు వాటికేమైనా అయితే, "నీకేం నష్టం?" అన్న గడిలో ఈ రెండు నిమిషాలు రాయొచ్చా? రాసినా, అది గుట్ట గురించి రాసినట్టవుతుందా?