రైలు వదిలిన దారి

గుంటూరు నుంచి పల్నాటిలోని మాచర్లకు ఒకప్పుడు మీటర్ గేజ్ బండి నడిచేది. పిడుగురాళ్ల, నడికుడి, గురజాల, రెంటచింతల దాటి తాపీగా పోయేది. ఇప్పుడది బ్రాడ్ గేజ్, బండ్లు తిరిగే దారి. పట్టాల మీద నడిస్తే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు!

రైలు మానేసిన దారి సంగతి వేరు. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి పట్టు తక్కువ, ఎత్తు ఎక్కాలంటే కష్టం. అందుకే గుట్టను తొలిచి, పల్లాన్ని పూడ్చి, మైదానాల్లో వంద మీటర్లకు ఒక మీటరుకు మించి ఎక్కకుండా చూసేవారు. బొగ్గింజను కోసం చేసిన ఆ చదును మోకాళ్ల నొప్పుల నాయనమ్మకూ, తప్పటడుగుల మనవడికీ భేషుగ్గా సరిపోతుంది. పారిస్‌లో 1993లోనే పాత రైలు వంతెన మీద తోట పెంచి జనాన్ని నడవనిచ్చారు. మన రాజమండ్రిలో 1900 నాటి హేవలాక్ వంతెన మీద 1997లో రైళ్లు ఆగాయి. అక్కడ నడకదారి వేస్తామన్న మాట ఏళ్లుగా వింటూనే ఉన్నాం.

మరి పల్నాటి వాళ్లం ఎక్కడ నడవాలి? నాగార్జునసాగర్ కుడికాలువ గట్టు ఉందిగా. నీటికి రైలుకన్నా తక్కువ వాలు చాలు. ఆదివారం ఎండ ముదరకముందే ఇంటిల్లిపాదీ బయల్దేరండి. పిల్లల్ని మాత్రం పొలాల వైపే నడిపించండి, నీళ్ల వైపు వద్దు.